వదిన పెట్టిన బాయిలర్

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురం. నాన్నమ్మ తన గదిలో కిటికీ కింద పరుపుల మీద కూర్చుని ఉంది, స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుని, వాటి మీద గొర్రెతోలు కోటు కప్పుకుని. నాన్న వసారాలో, పీకేసిన పాత బాయిలర్ని తుక్కువాడికి ఇవ్వాలా, కోళ్ళగూటికి గోడగా వాడాలా అని దాని చుట్టూ తిరుగుతున్నాడు. మా వదిన గుల్‌బారా బాయిలర్ గదిలో మోకాళ్ళ మీద ఉంది. నేను వెనకాల వెల్డింగ్ రాడ్ల కట్ట పట్టుకుని నిలబడ్డాను. అన్నయ్య పైకొండల్లో మందతో ఉన్నాడు. మంచు గట్టిగా పడితే గానీ దిగడు. అమ్మ పెద్దక్క పురుటికని నరిన్ పట్నం వెళ్ళింది. మాకు పిల్లి కూడా ఉంది గానీ, ఇల్లు చల్లబడిన దగ్గర్నుంచి అది పక్కింటి సయ్‌రకాన్ అత్త దగ్గరే పడుకుంటోంది.

"మీ పిల్లికి కూడా నమ్మకం లేదే మీ వదిన మీద" అంది అత్త పొద్దున్నే గోడ మీంచి తొంగిచూసి. అత్త మాటలు అలాగే ఉంటాయి. అన్నాక గొంతు తగ్గించి, "ఇది కుదిరిందంటే మా ఇంట్లోనూ పెట్టించుకుంటా. మీ నాన్నమ్మ పంపిస్తే" అంది.

అసలు సంగతి అదే, నాన్నమ్మ పంపిస్తుందా లేదా అన్నది.

వదినది కొచ్కోర్ దగ్గర ఊరు. వాళ్ళ నాన్న ఇళ్ళలో బాయిలర్లు, పైపులు బిగించే పని చేస్తాడు. వదిన చిన్నప్పట్నుంచీ ఆయనతో తిరిగి పని నేర్చుకుంది. మా ఇంటికి కోడలుగా వచ్చినప్పుడు అందరు కోడళ్ళ వెంట వచ్చినట్టే ఆమె వెంట పరుపులూ బొంతలూ పెట్టెలూ వచ్చాయి. ఆడవాళ్ళు పరుపులు ఒక్కొక్కటే విప్పి, కుట్టు చూసి మెచ్చుకుంటూ ఉంటే, ఒక బొంతలోంచి వెల్డింగ్ మెషీన్ బయటపడింది. నాన్నమ్మే అంది, "మా కోడలు ఇనుము కాల్చడానికి రాలేదమ్మా, దీన్ని మళ్ళీ చుట్టండి" అని. చుట్టి పరుపుల దొంతర కిందకి తోసేశారు. వదిన పరుపులు ఎండకి వేసినప్పుడల్లా దాన్ని కూడా బయటికి తీసి, పొడిగుడ్డతో తుడిచి, మళ్ళీ లోపల పెట్టేది. నేను చాలాసార్లు చూశాను. ఎంత జాగ్రత్తగా తుడిచేదంటే, దానికి దెబ్బ తగిలిందేమో అనిపించేది.

ఈ ఏడు ఆకులు రాలే వేళకి పాత బాయిలర్ అడుగు తుప్పు పట్టి పోయింది. నాన్న భోజనాల దగ్గర, గిన్నెలోకే చూస్తూ, "బయటి మనిషి ఎందుకు, ఇంట్లో కోడలుందిగా" అన్నాడు.

నాన్నమ్మ చాలాసేపు టీ తాగింది. చివరికి, "సరే" అంది. "నా గది వెచ్చబడాలి. నా నేల మీద ఒక్క నీటిచుక్క పడకూడదు. అలా అయితే ఊళ్ళో ఎవరింటికి పిలిచినా వెళ్ళనివ్వండి, నేను అడ్డు రాను. పడిందో, ఆ మెషీన్ అమ్మేయండి."

వదిన తల వంచుకుని నాన్నమ్మ గిన్నెలో మళ్ళీ టీ పోసింది. ఒక్క చుక్క బయట పడలేదు. నేనైతే ఒలకబోసేదాన్ని.

బాయిలర్ కొనడానికి నరిన్ బజారుకి నన్ను కూడా తీసుకెళ్ళారు. నేను వెళ్ళింది నోరుగా. కోడలు నలుగురిలో మామగారి మాట కాదనకూడదు కదా, వదిన నా చెవిలో చెప్పాలి, నేను నాన్నతో చెప్పాలి. ఆ పనికి నా అంత పనికిరాని మనిషి ఇంకొకరు ఉండరు. బడిలో హాజరు పిలిచినప్పుడు నేను పలికితే మా టీచరు రెండోసారి పిలుస్తారు.

నాన్న సరాసరి వెళ్ళి ఒక ఎర్రటి బాయిలర్ ముందు నిలబడ్డాడు. దానికి బొత్తాలూ, వెలిగే అంకెలూ ఉన్నాయి. కొట్టువాడు దాని తలుపు తెరుస్తూ మూస్తూ, "పెద్దాయనా, దీన్ని ఫోన్లోంచి కూడా నడపొచ్చు" అంటున్నాడు.

"జడకుచ్చూ," అంది వదిన నా చెవిలో. భర్త తమ్ముళ్ళనీ చెల్లెళ్ళనీ కూడా కోడలు పేరు పెట్టి పిలవదు. నాకు వదిన పెట్టిన పేరు జడకుచ్చు. "కరెంటు పోతే దీని పంపు ఆగిపోతుందా, అడుగు."

అడిగాను. "గట్టిగా" అన్నాడు నాన్న. మళ్ళీ అడిగాను.

"కరెంటు ఎందుకు పోతుంది?" అన్నాడు కొట్టువాడు.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. "నువ్వు చలికాలంలో మా ఊరు రాలేదన్నమాట బాబూ" అన్నాడు నాన్న.

వదిన అప్పటికే కొట్టు వెనక్కి వెళ్ళిపోయింది. అక్కడ గోడవారన రంగు కూడా సరిగ్గా వెయ్యని నల్లటి బాయిలర్ ఒకటి ఉంది, పైన సూపు కాచుకోవడానికి ఇనప పలకతో. వదిన చొక్కా చెయ్యి పైకి మడిచి, దాని నోట్లోకి మోచేతిదాకా చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుంది. వేళ్ళతో లోపలి అతుకులన్నీ తడిమింది. గొర్రె కడుపులో పిల్ల ఎటు తిరిగి ఉందో చూసేటప్పుడు అన్నయ్య మొహం అలాగే ఉంటుంది. తర్వాత వేలి కణుపుతో కొట్టి చూసింది.

"ఇది చేసినవాడు లోపలి అతుకు మీద మళ్ళీ అతుకు వేశాడు. ఎవరూ చూడని చోట" అంది. ఆ మనిషెవరో తెలియకపోయినా గౌరవంగా అంది. "ఇనుము మందంగా ఉంది, మన బొగ్గు తినెయ్యలేదు. దీనికి పంపు అక్కర్లేదు. వేడి నీళ్ళు వాటంతట అవే పైకి పోతాయి, చల్లారాక వాటంతట అవే దిగి వస్తాయి. పైపులకి సరైన వాలు ఇస్తే చాలు. ఇవన్నీ చెప్పు."

నేను నాన్న దగ్గరికి వెళ్ళి, "ఇది మంచిది" అన్నాను.

"ఇంతసేపు గుసగుసలాడి ఇంతేనా?"

"మీ అమ్మాయి ఇంజనీరా పెద్దాయనా?" అన్నాడు కొట్టువాడు.

"కాదు, రేడియో" అన్నాడు నాన్న. "స్టేషను వెనకాల ఉంది."

నల్లదే కొన్నాం.

పైపులు వెయ్యడం చూడాలి. వదిన తెల్ల తలగుడ్డ మీదే వెల్డింగ్ ముసుగు పెట్టుకునేది. ప్రతి గదిలోనూ రసమట్టం పెట్టి, పైపు బాయిలర్ వైపుకి కొంచెం కిందకి దిగేలా కొక్కేలు కొట్టింది. కంటికి ఆ వాలు తెలిసీ తెలియనట్టు ఉండేది. నేను రాడ్లు అందిస్తూ ఆమె చేతినే చూసేదాన్ని, వెలుగు రాకముందే తల తిప్పుకుని. వెల్డింగ్ అయ్యాక నల్లటి పెచ్చు సుత్తితో కొడితే, కింద అతుకు గోధుమ జడలా మెరిసేది. నాన్నమ్మ గది పైపులు మాత్రం నాన్నమ్మ చావుభోజనాలకి వెళ్ళిన రోజున చేసేసింది. గోడకి తిరిగి పని చెయ్యాలి. పెద్దవాళ్ళు గదిలో ఉంటే కోడలు వాళ్ళకి వీపు పెట్టకూడదు. గదిలోంచి బయటికి వచ్చేటప్పుడు కూడా వెనక్కి నడిచే వస్తుంది.

ఇక మొదట చెప్పిన ఆ రోజుకి మిగిలింది బాయిలర్ దగ్గర ఆఖరి అతుకు. అది అయింది. వదిన చేతులు కడుక్కుని టీకి వెళ్ళింది. నేను నూనెలో వేయించిన రొట్టెముక్కలు తీసుకొద్దామని వసారాలోకి వెళ్తూ, నాన్నమ్మ గది తలుపు తెరిచి ఉంటే చూశాను. నాన్నమ్మ నమాజుకి చేతులు కడుక్కోవడానికి బయట ఉంది. నాన్న గునపం పైపు కిందకి పెట్టి, బలమంతా వేసి పైకి లేపి, కింద ఒక చెక్కముక్క దూర్చాడు. వెనక్కి వచ్చి, ఒక కన్ను మూసి కిటికీ గట్టుతో పోల్చి చూసుకున్నాడు.

"ఇప్పుడు సూటిగా ఉంది" అన్నాడు నన్ను చూసి. "రేపు ఊరంతా చూడ్డానికి వస్తారు. వంకరగా వేసిందంటారు పిల్లని. మీ వదినతో అనకు, బాధపడుతుంది."

నేను తల ఊపాను.

టీ అయ్యాక నీళ్ళు పోశారు. పైపుల్లో గాలి గుళగుళమంటూ బయటికి వస్తోంది. వదిన చెవి పెట్టి వింటూ గది గదికీ తిరిగింది, మొహం వెలిగిపోతూ. ఇంకా నిప్పు కూడా అంటించలేదు, అప్పుడు నాన్నమ్మ పిలిచింది.

"ఇలా రండి అందరూ."

మూల దగ్గర, పైపు మలుపు తిరిగే చోట, అతుకు వెనకనుంచి చుక్క జారి నాన్నమ్మ ఉన్ని తివాచీ మీద పడింది. మేం చూస్తుండగా ఇంకొకటి పడింది.

వదిన మోకాళ్ళ మీద కూర్చుని, పైపు పొడవునా చెయ్యి పోనిచ్చింది. మధ్యలో చెయ్యి ఆగింది. చెక్కముక్క తగిలిందని నాకు తెలిసింది. ఆమె దాన్ని మెల్లగా లాగి, పిడికిట్లో దాచి, ఏప్రన్ జేబులో వేసుకుంది. ఒక్కసారి నాన్న పాదాల వైపు చూసింది, అంతే.

"నా అతుకే సరిగ్గా పడలేదు బామ్మగారూ" అంది.

"అనుకున్నా" అంది నాన్నమ్మ. కోపంగా అనలేదు, అలసటగా అంది. "ఆ మెషీన్ని పరుపుల్లో చుట్టి ఉంచండి. కొనేవాడొస్తే ఇచ్చేద్దాం."

నాన్న గడ్డం గోక్కుంటున్నాడు. పైపు లేపితే అతుకు విరుగుతుందని ఆయనకి తట్టనే లేదు. చుక్క వైపు చూస్తూ, వదిన మీద జాలిగా నాలుక చప్పరించాడు కూడా.

నా చెవిలో ఎవరూ ఏమీ చెప్పలేదు. "చెక్కముక్క" అన్నాను.

"ఏంటే?" అంది నాన్నమ్మ.

"నాన్న పైపు కింద చెక్కముక్క పెట్టాడు. గునపంతో లేపి. వంకరగా ఉందని. అది వంకర కాదు, వాలు. నీళ్ళు వెనక్కి రావాలని కావాలనే అలా పెట్టింది. అప్పుడే విరిగింది అతుకు. ఆ ముక్క వదిన జేబులో ఉంది."

నా జీవితంలో పెద్దవాళ్ళ ముందు ఇన్ని మాటలు ఒక్కసారిగా ఎప్పుడూ అనలేదు. వదిన నా చొక్కా పట్టుకుని లాగింది, ఆపమని. ఆలస్యమైపోయింది.

నాన్నమ్మ చెయ్యి చాపింది. వదిన కదల్లేదు. "ఇయ్యి" అంది నాన్నమ్మ. చెక్కముక్క తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఒరే జుమాబయ్."

"నేనేనమ్మా" అన్నాడు నాన్న. చెవులు ఎర్రబడ్డాయి. "పిల్లని చూసి ఎవరూ నవ్వకూడదని చేశా."

"నవ్వకుండా ఏడిపించావు" అంది నాన్నమ్మ. తర్వాత వదిన వైపు తిరిగి, చాలాసేపు చూసింది. ఏడాదిగా ఇంట్లో ఉన్న మనిషిని కొత్తగా వచ్చినట్టు చూసింది. "నీకు తెలుసు. అయినా వాడి పేరు చెప్పలేదు. నీ మెషీన్ పోతుందని తెలిసి కూడా."

వదిన తల వంచుకుంది.

"సరే, మళ్ళీ అతుకు వెయ్యి. ఏం చూస్తున్నావు?"

నాన్న నీళ్ళు దింపడానికి ఒక్క గెంతులో వెళ్ళిపోయాడు. నేను మెషీన్ తీగ లాక్కొచ్చాను. వదిన ముసుగు పట్టుకుని మూల దగ్గర నిలబడి, గోడవైపుకి తిరగలేక, నాన్నమ్మ వైపుకి తిరిగి పని చెయ్యలేక, పక్కకి ఒరిగి మెడ తిప్పి ప్రయత్నించింది. కుదరలేదు. విరిగింది పైపుకి వెనకవైపు, గోడకీ పైపుకీ మధ్య.

"జడకుచ్చూ," అంది మెల్లగా, "అద్దం తీసుకురా. బామ్మగారు కాసేపు ముందుగదిలో కూర్చుంటారేమో అడుగు."

"ముందుగదిలో ఇంకా చలి. నేను లేవను" అంది నాన్నమ్మ, నేను అడక్కముందే. "అద్దం ఎందుకు? పని మధ్యలో సింగారమా?"

"వెనక అతుకు కనబడదు బామ్మగారూ. అద్దంలో చూస్తూ వెయ్యాలి."

"అద్దంలో చూస్తూ? చెయ్యి అటు వెళ్తుంటే ఇటు కనిపిస్తుందిగా?"

"అవును. అలవాటైపోతుంది."

నేను అద్దం తెచ్చి గోడకి ఆనించాను. వదిన ఇంకా పక్కకి ఒరిగే ఉంది, నడుం వంకర తిరిగిపోతోంది. అప్పుడు నాన్నమ్మ గొర్రెతోలు కోటు సర్దుకుని, చేతికర్ర ఆనించి, మూలుగుతూ లేచింది. తన పరుపు తనే పట్టుకుని, కిటికీకి వీపు పెట్టి, తలుపు వైపుకి తిప్పి వేసుకుంది. నేను సాయం వెళ్తే కర్రతో పక్కకి తోసింది. కూర్చుంది.

"ఇప్పుడు నేనే నీకు వీపు పెట్టా" అంది, ఎదురుగా తలుపునే చూస్తూ. "ఇద్దరూ అలా కూర్చుంటే ఎవరు ఎవరికి మర్యాద తప్పినట్టు? తిరుగు. బాగా చూసి వెయ్యి."

వదిన కొంచెంసేపు ఆమె వీపు వైపు చూసింది. తర్వాత గోడ వైపుకి తిరిగి, అద్దం సరిచేసుకుని, ముసుగు దించుకుంది. ఎడమచేత్తో పైపు పట్టుకుని, కుడిచెయ్యి కనబడని చోటికి పంపింది. ఆ చెయ్యి ఎక్కడా వెతుక్కోలేదు, తడబడలేదు. నేను గుమ్మంలో నిలబడిపోయాను. నీలం వెలుగు ఒక్కసారి మెరిసింది. నాకు కనిపించింది నాన్నమ్మ మొహమే, కళ్ళు గట్టిగా మూసుకుని, చెవులతో వింటూ.

"నువ్వింకా ఇక్కడే ఉన్నావా? కళ్ళు పోతాయి" అంది కళ్ళు తెరవకుండానే. "వెళ్ళి సయ్‌రకాన్‌తో చెప్పు. మా కోడలు రేపు రాదు, ఇల్లు వెచ్చబడ్డాక తను ఒకరోజు పడుకోవాలి. ఎల్లుండి వస్తుందని చెప్పు. పొయ్యి చుట్టూ ఆ చెత్తంతా తీసి ఉంచమను. మా పిల్ల ఊడవడానికి రావట్లేదు."

"చెప్తాను" అన్నాను, కానీ కదల్లేదు.

నాన్నమ్మ కర్ర చాపి, దాని కొసతో తలుపు నా మొహం మీదే మూసేసింది.