గేటు ముందు పొయ్యిలు

జగ్గారావు రైసుమిల్లు గేటు దగ్గర రూబీ తట్టను గుమాస్తా కాలితో తన్నాడు. ఊకంతా రోడ్డుపాలైంది. మేమంతా నోళ్లు వెళ్లబెట్టి చూశాం. తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

గుండుగొలనులోని ఆ మిల్లులో ఊక మోసేది మేమే. పని దిగాక తలా ఒక తట్ట ఇంటికి పట్టుకెళ్లడం మా అత్తల నాటి ఆనవాయితీ. ఆ ఊకను నమ్ముకునే మెర్సీ మా పేటంతటికీ పొగరాని ఊకపొయ్యిలు అమ్మింది. మొగుడు పోయిన మనిషి, చర్చి వాకిట్లో వండి చూపించి మరీ అమ్మింది. పుల్లలేరే బాధ తప్పి, మా కళ్లు తెరిపిన పడ్డాయి. తీరా ఇప్పుడు ఊక మొత్తం, దాన్ని కాల్చి కరెంటు తీసే ఫ్యాక్టరీకి అమ్మేశాడు జగ్గారావు!

"కాలుష్యం లేని కరెంటమ్మా, దేశానికి మంచిది" అన్నాడు గుమాస్తా.

"మా వంటిళ్లు దేశంలో లేవాండీ?" అంది రూబీ.

ఆ కోపం వాడి మీద చూపించామా? లేదు. పొయ్యిలు మోసుకెళ్లి మెర్సీ వాకిట్లో పడేశాం.

"ఊక లేని పొయ్యి ఎందుకే, ఊరేగించడానికా?" అని సీతారత్నం పిన్ని అరిచింది. "నీ పొయ్యిలు నువ్వే ఉంచుకో!"

పొయ్యిలు తిరిగొస్తే వాటి కంపెనీ మెర్సీకి ఇక సరుకివ్వదు. ఆమె కూడు ఆ పొయ్యిల మీదే ఉంది.

"ఊక ఆపింది నేనా పిన్నీ? ఆపినోణ్ణి వదిలేసి నా మీద పడతారేంటి?"

"ఆయన్నడిగితే పనిలోంచి తీసేస్తాడే!"

"అందర్నీ తీసేస్తే లారీ ఎవరు నింపుతారు? ఆయన పెళ్లామా?"

సీతారత్నం పిన్నే తన పొయ్యి ఎత్తుకుంది. "పదండే, ఊరేగిద్దాం!"

మర్నాడు పొద్దున్నే ఊక లారీకి అడ్డంగా పొయ్యిలు పెట్టాం. లోపలినుంచి తట్టల్లో ఊక నింపి తెచ్చాం, లారీలోకి కాదు, పొయ్యిల్లోకి. ఒకదాని మీద అన్నం, ఒకదాని మీద కొల్లేటి చేపల పులుసు.

"ఇది దొంగతనం!" జగ్గారావు గేటు పట్టుకుని ఊగిపోయాడు.

"మా అత్తలు కూడా దొంగలేనాండీ?" అన్నాన్నేను.

పోలీసు జీపు వచ్చింది. "మీ నాయకురాలెవరు?" అన్నాడు ఎస్సై.

"పొయ్యిలమ్మింది నేనేనండి" అంటూ మెర్సీ లేచింది. ఆమెను జీపులోకి తోశారు. జీపు కదులుతుంటే మెర్సీ తల బయటపెట్టి అరిచింది: "పిన్నీ, అన్నం మాడిపోద్ది, చూడు!"

పిన్ని అన్నం దించింది. సగంమందిమి గేటు దగ్గరే లారీ కదలకుండా కాపలా ఉంటే, సగంమందిమి ఆ అన్నమూ పులుసూ, ఊక కూరిన ఓ పొయ్యీ ఎత్తుకుని స్టేషన్‌కి నడిచాం. దారిలో ఇంకో మిల్లు ఆడవాళ్లు సంగతి విని మాతో కలిశారు.

"మెర్సీకి భోజనం తెచ్చామండి" అంది పిన్ని ఎస్సైతో. "ఇంటికెప్పుడు పంపుతారు?"

"పంపం. వెళ్లండి!"

రూబీ నెత్తిమీది పొయ్యి స్టేషన్ మెట్ల ముందు దించి అగ్గిపుల్ల గీసింది.

"అయితే రాత్రికీ ఇక్కడే వండుతామండీ."