రెండో రిమోట్

నేను ఒక నల్లపెట్టెను. అరచేతిలో ఇమిడిపోతాను. కారు తలుపులకు తాళం వేయడం, తీయడం, ఇంజను నడిపించడం, ఆపడం మాత్రమే నాకు వచ్చిన పనులు. అవి కూడా నా ఇష్టప్రకారం చేయలేను. ఎవరో ఒకరు రిమోట్ మీద మీట నొక్కాలి. ఆ నొక్కు గాలిలో ఒక అంకెగా నా దగ్గరికి వస్తుంది. తెలిసిన అంకె అయితే చెప్పిన పని చేసేస్తాను. నొక్కింది ఎవరు, ఎందుకు నొక్కారు అని అడిగే నోరు నాకు పెట్టలేదు.

నేను పుట్టిన కార్ఖానాలో రోజుకు నాలాంటివి వేలకొద్దీ పుట్టేవి. ఒక్కొక్కదానికీ రెండేసి రిమోట్లు జతచేసి అట్టపెట్టెలో పడుకోబెట్టేవారు. మనుషులు వస్తువులు పారేసుకుంటారట, ఒకటి పోయినా ఇంకొకటి ఉండాలని ముందుజాగ్రత్త. ఆ ముందుజాగ్రత్తే నా పీకల మీదికి వచ్చింది.

గుంటూరులో మస్తాన్‌వలి కొట్టులో ఏడు నెలలు మేకుకు వేలాడాను. కొత్త కార్లు ఈ విద్యలన్నీ పుట్టుకతోనే నేర్చుకుని వస్తున్నాయి కాబట్టి వాటికి మాతో పనిలేదు. మా కోసం వచ్చేవి చేతులు మారిన బళ్ళే. ఒక ఫిబ్రవరి ఉదయం అలాంటి వెండిరంగు కారొకటి వచ్చి ఆగింది. గేర్లు మార్చే పనిలేని రకం. నడిపి తెచ్చిన కిరాయి డ్రైవరు దిగాక, పక్క సీట్లోంచి నలభై ఏళ్ళావిడ దిగి, చుట్టూ తిరిగి వచ్చి డ్రైవరు సీట్లో కూర్చుంది. పేరు సువార్త. వేలాడుతున్న కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి, చేతిసంచిని సర్దుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుంది.

"చూడు తమ్ముడూ," అని ఎడమచేతిని స్టీరింగు మీదుగా కుడిపక్కకు దూర్చి తాళంచెవి తిప్పబోయింది. భుజం మెలిపడి నుదురు స్టీరింగుకు తగిలింది. "రోజూ ఇట్టా తిప్పుకుంటా కూర్చుంటే ఈ చెయ్యి కూడా పోయేట్టుంది."

మస్తాన్‌వలి నవ్వలేదు. "అసలు తాళంచెవి జోలికే పోనక్కర్లేదక్కా. ఎడమపక్క నీ చేతికందేట్టు మీట పెడతా. తలుపులకి రిమోటు. బయట నిలబడి కూడా ఇంజను వేసుకోవచ్చు."

ఆ మధ్యాహ్నం నన్ను స్టీరింగు కింద, మోకాళ్ళకు పైన ఉన్న సందులో పెట్టి, వైర్లతో కట్టి, పైన టేపు చుట్టి, ప్లాస్టిక్ మూత బిగించేశారు. వెలుగు పోయింది. కదలడానికి జానెడు చోటు లేదు. ఇకమీదట లోకమంటే నాకు చప్పుళ్ళూ, వేడీ, దుమ్మూ. సువార్త మొదటిసారి మీట నొక్కింది. ఇంజను అందుకుంది. తర్వాత ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది.

పొన్నూరులో వాళ్ళ అన్నయ్య ఇంటికి చేరాక, కార్లో జరిగే మాటల వల్ల ఆమె కథ నాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది. బాపట్లలో వినికిడి లేని పిల్లల బడిలో ఆమె టీచరు. ఆ బడిలో చదువంతా చేతులతోనే. ఏడాదిన్నర కిందట వాళ్ళన్నయ్య దేవసహాయం స్కూటర్ మీద ఆమెను స్టేషనులో దింపబోతుంటే ఇసుక లారీ ఒకటి రాసుకుపోయింది. ఆయనకు మోకాలు చెక్కుకుంది. ఆమెకు భుజం దగ్గర నరాలు తెగిపోయాయి. అప్పటినుంచీ చెల్లెలు ఆయన ఇంట్లోనే ఉంది. భార్య పోయి ఒంటరిగా ఉంటున్న ఆ మనిషి జడ వేయడం కూడా నేర్చుకున్నాడు. అన్నం కలిపి పెట్టేవాడు. ఆమె వద్దన్న పనులు కూడా చేసిపెట్టేవాడు. ఈలోగా ఆమె ఎడమచేత్తోనే పాఠం చెప్పడం సాధన చేసుకుంది. జూన్‌లో బడి తెరిచేనాటికి రాకపోతే ఇంకొకరిని తీసుకుంటామని కబురు కూడా వచ్చింది.

కారు ఇంటికి వచ్చిన సాయంత్రమే దేవసహాయం, "రెండోది నా దగ్గరుండనీ అమ్మాయ్. ఎందుకైనా మంచిది," అని రిమోట్ ఒకటి జేబులో వేసుకున్నాడు. ఆమె సరేనంది.

వారం తర్వాత మొదలైంది. ఆమె కారు వెనక్కి తీసి గేటు దాకా వచ్చేసరికి నాకు ఆ రెండో రిమోట్ అంకె వచ్చింది. ఆపమంది. ఆపేశాను. ఆమె మళ్ళీ నడిపించింది, ఆ అంకె మళ్ళీ ఆపమంది. మూడోసారికి ఆమె స్టీరింగు మీద కొట్టింది.

"పాతబండి కదమ్మా, అంతే మరి," అంటూ దేవసహాయం నెమ్మదిగా వరండా మెట్లు దిగి వచ్చాడు. "లోపలికి రా. ఎండగా ఉంది."

అలా ఎన్నిసార్లో. నిందంతా నా మీద పడింది. మస్తాన్‌వలి గుంటూరు నుంచి వచ్చి, మూత తీసి, వైర్లన్నీ చూసి, "పెట్టెలో ఏం లోపం లేదక్కా," అన్నాడు. ఆయన ఉన్నంతసేపూ కారు చక్కగా నడిచింది. ఆయన బస్సెక్కగానే ఆగిపోయింది. ఎవరు ఆపుతున్నారో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. చెప్పే దారి లేదు. పోనీ ఆపకుండా ఉండే దారీ లేదు. ఆమె ఇంట్లో ఎలా బందీ అయిందో నేను ఈ సందులో అలాగే బందీనయ్యాను. తేడా ఒక్కటే. ఆమె గదికి గొళ్ళెం నేనే.

మే నెలలో ఒకరోజు పదిగంటలకు ఆమె కారెక్కింది. "ఇవాళ బాపట్ల దాకా పోయొస్తా అన్నయ్యా. ఆగితే నెట్టించుకుని పోతా," అని కేకేసి చెప్పింది. ఇంజను నడిచింది, ఆగింది. మళ్ళీ నడిచింది, ఆగింది. ఆమె వదిలిపెట్టలేదు. అవతల చేతికి కంగారు పుట్టినట్టుంది, ఆపే మీటతోపాటు పక్క మీట కూడా నొక్కేసింది. నాలుగు తలుపులకూ ఒక్కసారిగా తాళాలు పడ్డాయి.

అద్దాలన్నీ మూసి ఉన్నాయి. ఇంజను లేకపోతే అవి దిగవు. తాళం పిడి, తలుపు పిడి ఆమెకు కుడిపక్కనే. ఎడమచెయ్యి అడ్డంగా చాపింది, వేలికొసలు జారిపోయాయి. ఎడమపక్క తలుపు పిడి లాగింది, తాళం వదల్లేదు. లోపల గాలి క్షణక్షణానికీ కాగుతోంది. వెనక సీటు మీది సంచి కోసం తిరిగింది. సగం తిరిగి ఆగిపోయింది. తన రిమోట్ ఆ సంచిలో ఉంది. దాన్ని ఎవరూ నొక్కలేదు. మరి తాళాలెవరు వేశారు?

అరవలేదు, అద్దం కొట్టలేదు. ఆమె వరండా వైపు చూస్తూ ఉండిపోయిందని నాకు అర్థమైంది, ఎందుకంటే కాసేపటికి అటునుంచి చెప్పులు పరుగెత్తుకు వచ్చాయి. తాళాలు తెరుచుకున్నాయి. దేవసహాయం తలుపు లాగాడు.

"నువ్వేనా అన్నయ్యా? మొదటినుంచీ నువ్వేనా?"

"ఆ లారీ వచ్చినప్పుడు బండి నా చేతిలో ఉందే అమ్మాయ్," అన్నాడు. "నువ్వు గేటు దాటతా ఉంటే నాకు అదే చప్పుడు వినపడతది. నీకేమన్నా అయితే నేనెట్టా బతకాలి?"

"నీ తప్పు లేదని నూరుసార్లు చెప్పా. నువ్వు వినలేదు. నీకు నువ్వే శిక్ష వేసుకున్నావు, సరే. ఆ జైల్లో నన్నెందుకు కూర్చోబెట్టావు?" ఆమె ఎడమచెయ్యి చాపింది. "ఆ రిమోటు ఇచ్చెయ్."

"ఇవ్వలేనమ్మా." ఏడుస్తూనే అన్నాడు. ఏడుస్తూనే లోపలికి వెళ్ళిపోయాడు. రిమోట్ ఆయన జేబులోనే ఉంది.

ఆమె అక్కడే కూర్చుని మస్తాన్‌వలికి ఫోను చేసింది. "ఒక రిమోటు పనిచేయకుండా చేయొచ్చా తమ్ముడూ?" అని మాత్రం అడిగింది. ఆయన కారణం అడగలేదు. "పెట్టె పక్కన చిన్న మీటుంటదక్కా. బీప్ అనేదాకా నొక్కి పట్టుకో. అది పాతవన్నీ మర్చిపోద్ది. తర్వాత నీ రిమోటు ఒక్కటే నొక్కు."

సువార్త కారు బయట కాళ్ళుంచి, సీటు మీద వెల్లకిలా వాలి, తల స్టీరింగు కిందికి దూర్చింది. మూత ఊడబెరికింది. ఒంటిచేత్తో, పళ్ళతో టేపు చింపింది. చాన్నాళ్ళకు మళ్ళీ నా మీద వెలుగు పడింది. ఆమె ముఖం అంత దగ్గరగా, చెమటతో తడిసి కనిపించింది. వేలు నన్ను తడుముతూ ఆ మీట దగ్గర ఆగింది. ఆగి, ఇంటివైపు ఒకసారి చూసింది. తర్వాత నొక్కింది.

మరుపు అంత హాయిగా ఉంటుందని నాకు తెలియదు. ఆ ఖాళీలోకి ఆమె రిమోట్ అంకె ఒక్కటే వచ్చి చేరింది.

మూత మళ్ళీ బిగించే ఓపిక ఆమెకు లేకపోయింది. ఆ సందులోంచి నాకు కాళ్ళు కనిపిస్తాయి, తలుపు తీస్తే కాస్త నేల కనిపిస్తుంది.

బడి తెరిచే రోజు ఆమె కారు వెనక్కి తీసింది. వరండా నుంచి ఒక అంకె వచ్చింది. ఎవరిదో. మళ్ళీ వచ్చింది. మళ్ళీ, మళ్ళీ. పాపం, ఎవరో గానీ చాలా గట్టిగా నొక్కుతున్నారనిపించింది. కారు గేటు దాటింది. రోడ్డు మీద ఆగింది. సువార్త ఒళ్ళు వంచి ఎడమపక్క తలుపు తీసింది.

"ఎక్కు అన్నయ్యా. బాపట్ల దాకా రా. నీ కళ్ళతో చూడు. వచ్చేటప్పుడు బస్సులో వచ్చెయ్."

ముసలి కాళ్ళు రెండు వచ్చి ఎక్కాయి. దారి పొడుగునా, ఎదురుగా బండి వచ్చినప్పుడల్లా ఆయన పాదం అక్కడ లేని బ్రేకును తొక్కింది. మాచవరం దాకా తొక్కుతూనే ఉంది. అప్పికట్ల దాటాక తొక్కడం తగ్గింది. బాపట్ల ఊళ్ళోకి వచ్చేసరికి చెప్పులు విడిచి కాలు మీద కాలు వేసుకున్నాడు.

బడి ముందు తలుపు తీయగానే చిన్న చిన్న పాదాలు ఎక్కడెక్కడినుంచో పరుగెత్తుకొచ్చాయి. ఇరవై, ముప్ఫై. ఒక్క మాట లేదు, ఒక్క అరుపు లేదు. అరచేతులు బానెట్టును దబదబా బాదాయి. తర్వాత అవి కూడా ఆగిపోయాయి. ఆమె ఎడమచేత్తో ఏదో చెబుతోందనుకుంటా, ఎందుకంటే పాదాలన్నీ ఒకేవైపు తిరిగి కదలకుండా నిలబడ్డాయి.

"ఏమంటున్నావే వాళ్ళతో?" అన్నాడు దేవసహాయం.

"నువ్వు నన్ను దింపడానికి వచ్చావని చెప్పా."

ఆయన కిందికి దిగాడు. ఆమె కాళ్ళు పిల్లల కాళ్ళ మధ్య లోపలికి వెళ్ళిపోయాయి. ఆయన పాదాలు ఆ ఎండలో చాలాసేపు కారు పక్కనే ఉన్నాయి. అటొక అడుగు, ఇటొక అడుగు వేసి, బస్టాండు ఎటో ఎవరినో అడిగి, ఆ వైపు నడిచాయి.