ఫొటోలో నీళ్లు

నా పెళ్లాం కాసులమ్మకి కిడ్నీలు పోయాయి. వారానికి మూడుసార్లు పలాస ఆసుపత్రిలో రక్తం శుభ్రం చేసే మిషను మీద పడుకోబెడతారు. సముద్రం ఒడ్డున మా రేవు వదిలేసి, కాశీబుగ్గలో మా అమ్మాయి రజని ఇంట్లో ఉంటున్నాం. మిషను అయ్యేవరకూ నన్ను లోపలికి రానివ్వరు. ఆసుపత్రి ఎదురుగా పార్కు. నడవడానికి మట్టి బాట, బాట పక్కన చిన్న చెరువు. రజని పాత ఫోను నా చేతికిచ్చి, ఫొటో తియ్యడం నేర్పింది. ఊరికే కూచోలేక తీసేవాడిని.

మొదట నీళ్లే తీశాను. కలువాకు మీద నిలిచిన చుక్క, గట్టు కింద నీడ. ఇంటికొచ్చాక కాసులమ్మకి చూపించాను. డాక్టరు దానికి రోజుకి రెండు గ్లాసుల నీళ్లే తాగమన్నాడు, చారు, టీ అన్నీ కలిపి. మించితే ఆ నీరు ఒంట్లోనే ఉండిపోతుంది, ఊపిరాడదు.

"ఎంత సల్లగున్నాదో మావా," అని ఫోను చెంపకి ఆనించుకుంది.

అది చూసి, వెళ్లినప్పుడల్లా నీళ్లే తెచ్చాను.

ఒకరోజు నర్సు బిందుమాధవి నన్ను పిలిచింది. "తాతా, మామ్మ బరువు చూడు, ఎంత పెరిగిపోయిందో. దొంగతనంగా నీళ్లు తాగేస్తోంది. ఇలాగైతే మిషను కూడా ఏం చెయ్యలేదు."

ఇంటికొచ్చి అడిగాను.

"నీ ఫొటోలు సూసినాక ఆగనేకపోతన్నాను," అంది కాసులమ్మ.

నీళ్లు తియ్యడం మానేశాను. ఎండుటాకులు, చీమల పుట్ట, బాట మీద రాళ్లు తీశాను. కాసులమ్మ ఒక్కొక్కటే వేలితో జరుపుకుంటూ పోయి, "నీల్లేవి?" అంది.

"సెరువు ఎండిపోనాది."

"వానల్లోనా? అబద్దమాడ్డం కూడా సేతకాదేటి నీకు?" అని నవ్వింది. తర్వాత, "ఒక్కటి తే మావా," అంది.

ఆలోచించాను. బతుకంతా వేటకెళ్లాను. చుట్టూ సముద్రమే. ఆ నీరు చూసి తాగాలని ఎవడికీ అనిపించదు. ఆటో ఎక్కి వజ్రపుకొత్తూరు వెళ్లాను. సరుగుడు తోటలోంచి మా రేవుకి పోయే బాట వెంట నడిచి, కెరటం విరిగేచోట నిలబడి తీశాను.

కాసులమ్మ ఆ ఫొటో చాలాసేపు చూసింది.

"మన రేవే."

"ఊఁ."

"వేట నుంచి దిగినాక ముందు ఏటడిగీవోడివి?"

జవాబు కూడా తనే చెప్పింది.

"నీల్లు. తెప్ప ఇసక తగలకముందే సెంబట్టుకుని నిలబడీదాన్ని. గటగటా తాగీసీవోడివి. మెడ మీంచి కారిపోయీది." పెదాలు నాలుకతో తడుపుకుంది. "ఉప్పునీల్లు కదా, దీనికి దాహమెయ్యదని తెచ్చినావు గావాల."

ఫోను తీసుకుని జేబులో పెట్టుకున్నాను.

"నా ముందర తాగు మావా. కులాయికాడ దాక్కుని తాగుతన్నావు, నాకు తెల్దనుకున్నావేటి?"

రజని చెంబు తెచ్చిచ్చింది. తాగాను. కాసులమ్మ నా మెడ వైపే చూస్తోంది. నేను మింగినప్పుడల్లా అదీ మింగింది, ఉత్తినే. చెంబు ఖాళీ అయ్యాక గోడవైపు తిరిగి పడుకుంది.

మర్నాడు మిషను. బరువు మళ్లీ ఎక్కువే. పాదాలు పొంగిపోయాయి. బిందుమాధవి ఈసారి తిట్టలేదు. కాసులమ్మ చెయ్యి నిమిరి, లోపలికి తీసుకుపోయింది.

నేను పార్కుకి వెళ్లాను. రాత్రి వాన పడింది. చెరువు గట్టు దాకా నిండి ఉంది. ఫోను జేబులోంచి తియ్యలేదు.