తొమ్మిది డిగ్రీల తేడా

మా ఆయన నోట్లో నాలుక లేని మనిషి. ఆ లోటు నేను తీరుస్తుంటాను. ఓడరేవు వాతావరణ కార్యాలయంలోనే ఇద్దరికీ ఉద్యోగం. మేడ మీద తెల్ల చెక్కపెట్టెలో ఉన్న థర్మామీటర్లు చూసి అంకెలు ఫోన్లో చెప్పడం ఆయన పని. కింద గదిలో వాటిని రిజిస్టరులో రాసి, గాలివాన వచ్చేట్టుంటే క్రేన్లు ఆపించడం నా పని.

ఆ పెట్టెలో థర్మామీటర్లు రెండు. ఒకదాని అడుగున తడిగుడ్డ చుట్టి ఉంటుంది. గాలి పొడిగా ఉంటే తడి చకచకా ఆరుతుంది. ఆరుతూ దాన్ని చల్లబరుస్తుంది కాబట్టి రెండింటి మధ్య తేడా పెరుగుతుంది. గాలి నిండా తేమ ఉంటే తడి ఆరదు, తేడా తగ్గుతుంది; అలా తగ్గితే గాలివాన రావచ్చని లెక్క. చిక్కల్లా ఒక్కటే. ఆ గుడ్డ కొస మునిగే గిన్నెలో నీళ్ళు పోయడం మరిచిపోతే గుడ్డ ఎండిపోయి, అప్పుడూ తేడా తగ్గుతుంది. మా ఆయనకు మతిమరుపు. ఆ ఎండాకాలంలో ఎండిన గుడ్డను చూసి మూడుసార్లు గాలివాన అన్నాడు. మూడుసార్లూ నేను క్రేన్లు ఆపించాను, ఒక్క చినుకు పడలేదు. మేనేజరు అందరి ముందూ నన్ను కడిగేశాడు. మా ఆయన మాట నాన్నా పులి కథ అయిపోయింది.

చివరి క్రేన్ నడిపేది నా తమ్ముడు, ఒక్కగానొక్క తమ్ముడు. రోజూ ఎక్కే ముందు నాకు ఫోన్ చేసేవాడు. నేను ఎక్కమంటేనే ఎక్కేవాడు. పైనుంచి బరువు దించి, క్రేన్‌ను పట్టాలకు బిగించి, నిచ్చెన దిగి రావడానికి అరగంట పడుతుంది. గాలి అరగంట ఆగదు.

ఆ రోజు పది గంటలకు తేడా తొమ్మిది డిగ్రీలు. రెండు గంటలకు మా ఆయన నాలుగే అన్నాడు. గుడ్డ తడిపి మళ్ళీ చూడమన్నాను.

"తడిగానే ఉంది. వేలితో పట్టి చూశాను," అన్నాడు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "మీ వేలిని నమ్మే మూడుసార్లు చీవాట్లు తిన్నాను," అన్నాను. మేడకు ముప్పై మెట్లు. ఎక్కి చూస్తే సరిపోయేది. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. రిజిస్టరులో తొమ్మిది అని రాసి పెన్ను మూత పెట్టాను.

అప్పుడే తమ్ముడి ఫోన్. చొక్కా ఒంటికి అతుక్కుపోతోందని, సముద్రం వైపు మబ్బొకటి నిలువునా లేస్తోందని చెప్పాడు.

"ఎక్కనా అక్కా?"

"మబ్బుకు భయపడేవాడికి క్రేన్ దేనికిరా? ఎక్కు."

ఎక్కాడు.

మబ్బులో ఏం జరుగుతుందో నాకు తెలియక కాదు. కొత్తగా చేరినవాళ్ళకు పదిహేనేళ్ళుగా నేనే పాఠం చెబుతున్నాను. తేమగాలి వేడెక్కి పైకి లేస్తుంది. పైన చల్లబడి ఆవిరి నీటిబొట్లవుతుంది. అవుతూ తనలో దాచుకున్న వేడిని వదులుతుంది. ఆ వేడి గాలిని ఇంకా పైకి తోస్తుంది. ఎంత తేమ ఉంటే అంత బలుపు. చివరికి మోయలేనంత నీరూ మంచూ చేరి, చల్లగాలినంతా వెంటేసుకుని ఒక్కసారిగా కూలిపడుతుంది. ఆ కూలడమే చంపుతుంది.

రెండూ నలభైకి కూలింది. కిటికీ అద్దాలు చట్రాలతో సహా గదిలోకి వచ్చిపడ్డాయి. గోదాము పైరేకులు లేచి, పరిగెడుతున్న ఒక కూలీ మెడను తెగ్గోశాయి. లారీ పక్కకు ఒరిగి గేటు కాపలావాడిని గోడకు నొక్కేసింది. నిమ్మకాయలంత వడగళ్ళు. దిగమని ఫోన్లో అరిచాను. అటునుంచి గాలి హోరు తప్ప ఏమీ వినపడలేదు. నా కళ్ళముందే తమ్ముడి క్రేన్ పట్టాల మీద జారడం మొదలుపెట్టింది. మెల్లగా కదిలి, జోరందుకుని, పట్టాల చివరి దిమ్మను గుద్దుకుని ముందుకు కూలింది.

మా ఆయనా నేనూ పరిగెత్తాం. వడగల్లు తగిలి నా కనుబొమ్మ చిట్లింది, కంట్లోకి నెత్తురు కారింది. తమ్ముడు క్యాబిన్లో నడుము దాకా ఇనుము కింద ఇరుక్కుని ఉన్నాడు. తెలివిలోనే ఉన్నాడు. మా ఆయన లోపలికి దూరి వాడి తల ఒళ్ళో పెట్టుకున్నాడు. నేను వాడి చెయ్యి పట్టుకుని గుండెలవిసేలా ఏడ్చాను.

"ఏడవకక్కా," అన్నాడు వాడు. "ముందే తెలిస్తే నన్ను ఎక్కనిచ్చేదానివా?"

మా ఆయన తల వంచుకున్నాడు. ఒక్క మాట అనలేదు, నన్ను చూడను కూడా లేదు. నేనూ ఊరుకుంటే సరిపోయేది. వాడు నన్ను నమ్ముతూనే పోయేవాడు. అందరి మీదా లేచే నా నోరు, నా విషయంలో మాత్రం ఎందుకు ఆగాలి?

"తెలుసురా," అన్నాను. "మీ బావ చెప్పాడు. నేనే నమ్మలేదు."

వాడు నా చేతిలోంచి తన చెయ్యి లాక్కుని, బావ చెయ్యి కోసం తడుముకున్నాడు. ఇనుము కోసేవాళ్ళు వచ్చేసరికి ఆ చెయ్యి పట్టుకునే పోయాడు.