నాలుగో రోజు నీళ్లు

పెళ్లయి మూడు నెలలు. ఆళ్లగడ్డలో మా ఇంట్లో పొద్దున్నే మా ఆయన ప్రశాంత్ కాఫీ కలిపి, నురగంతా నా గ్లాసులోకి వంచితే చాలు, ఆ రోజు నాకు పండగే. అలాంటి ఒక పొద్దున మా అత్త మహానందమ్మ వసారాలో చాప వేసుకుని దూరంగా కూర్చుంది.

"ముట్టుకోవద్దు మే, బయటుండా."

ఆమెకు అరవై దాటాయి. ముట్లు ఆగి పదేళ్లు.

"ఈ వయసులో ఏందత్తా?"

"కొత్త కోడలొచ్చింది గదా. నాకూ వయసు తిరిగొచ్చినట్టుంది."

ఇద్దరం నవ్వాం. ముందు నా నవ్వే ఆగింది. ముట్లు ఆగిపోయాక కనపడే రక్తం ముట్టు కాదని నాకు తెలుసు.

"ఇది ముట్టు కాదత్తా. నంద్యాలకు పోదాం, డాక్టరమ్మకు చూపిద్దాం."

"అంటుతో బస్సెక్కేదా? నాలుగో రోజు తలకు పోసుకోని వస్తాలే. ప్రశాంతుతో చెప్తే చూడు."

రక్తం ఆగితే కదా తలకు పోసుకునేది. ఆగినట్టే ఆగి, నీళ్లు కాగేలోపు మళ్లీ కనపడేది. రోజూ బతిమాలాను. రోజూ అదే మాట.

ఇంతలో నాకూ ముట్టు వచ్చింది. చాప తెచ్చి ఆమె పక్కనే వేశాను.

"అంటుకు అంటు అంటదు గదత్తా. ఇద్దరం పోదాం పా."

ఆమె లేచి చెప్పులు వేసుకుంది. గెలిచానని నాకు ఎంత సంతోషమో. శిరివెళ్లలో బస్సు ఆగితే కిటికీలోంచి ఉడకబెట్టిన శెనక్కాయలు కొన్నాను. ఒకే పొట్లంలో ఇద్దరం తిన్నాం.

"మంట, పొడిబారడం ఎప్పటి నుంచి?" అని నంద్యాలలో డాక్టరమ్మ పరీక్ష చేసి అడిగింది.

"ముట్లు నిల్చినప్పటి నుంచి. వేడనుకోని మజ్జిగ తాగితి, సబ్బుతో కడిగితి. మొగుని పక్కన పండుకోవాలంటే భయం. ఆయప్ప పోయినాక ఆ బాధ తప్పింది."

"రక్తం?"

"పోయిన దసరా నుంచి. అప్పుడప్పుడూ. చాపేసుకోని కూచుంటే అదే పోతాండె."

ఏడాది కిందటి మాట అది. నా సంతోషం అక్కడే చచ్చిపోయింది.

గర్భసంచిలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు, స్కానింగ్ కూడా తీశారు. ఫలితానికి మళ్లీ ఇద్దరమే వెళ్లాం.

"వయసుతో లోపలి పొర పలచబడితే మంట పుడుతుంది. దానికి పూత మందుంది, సబ్బు మానితే చాలావరకు తగ్గేది," అంది డాక్టరమ్మ. "రక్తం దానివల్ల కాదు. క్యాన్సర్. గర్భసంచి దాటి ఊపిరితిత్తుల దాకా పోయింది. నొప్పి తగ్గించగలమంతే."

తిరిగొచ్చేటప్పుడు శిరివెళ్లలో నేను కిటికీ తెరవలేదు.

ఇంటి గడప ముందు అత్త ఆగింది.

"ఐతే ఇది ముట్టు కాదు."

"కాదత్తా."

"నువ్వు మొదటి రోజే చెప్తివి."

చాప చుట్టి గోడకు ఆనించింది. తలకు పోసుకోకుండానే వంటింట్లోకి పోయి పొయ్యి వెలిగించింది.


"నీకూ కాఫీ పెట్టేదా బిందూ?"