అచ్చు గుద్దిన గుర్రం

మా ఆయన జమలయ్య ప్లాస్టిక్ గుర్రపు సైనికులకి మైనంతో నమూనాలు చెక్కుతారు. తెనాలిలో మా ఇంటి వెనక షెడ్డులో చెక్కేది ఆయన, రంగులేసేది నేను. రేపల్లె బాలకృష్ణ, ఈయన ఒకే గురువు దగ్గర పని నేర్చుకున్నారు. ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. తన గుర్రం మీదే ఒత్తి అచ్చు తీశాడని బాలకృష్ణ ఊరూరా మా ఆయన్ని దొంగని చేశాడు. ఆ పేరు పోగొట్టుకోవాలనే బొమ్మల పోటీకి వెళ్లాం. బాలకృష్ణా వచ్చాడు.

జడ్జి శ్యాంప్రసాద్ గారికి బాపట్లలో బొమ్మల కొట్టుంది. మెత్తని మనిషి. గుర్రం పొట్ట కింద గోటితో గీసి అతుకు తగులుతుందేమో చూశారు. కాళ్లు వంచి వదిలారు. రౌతుని లాగి మళ్లీ జీను మీద కూర్చోబెట్టారు. మా గుర్రం చేతిలోకి తీసుకోగానే ఆయన మొహం వెలిగిపోయింది.

"అచ్చు గుద్దినట్టుందండి," అన్నారు.

బయట అది పొగడ్త. కొడుకు తండ్రిని అచ్చు గుద్దినట్టున్నాడంటారు కదా. మా పనిలో మాత్రం అచ్చు గుద్దడమంటే పక్కవాడి బొమ్మని కాజెయ్యడమే. ఆ పెద్దమనిషికి అది తెలియదు.

"విన్నారుగా, జడ్జి గారే చెప్పేశారు," అని బాలకృష్ణ విరగబడి నవ్వాడు.

మా ఆయన కొట్టలేదు. "మైనం తెండి. అందరి ముందూ ఇంకోటి చెక్కుతాను," అని కూర్చున్నారు. జనం మూగారు. చెవులు వచ్చాయి, ముక్కుపుటాలు వచ్చాయి, మెడ తిరిగింది. చూస్తున్నవాళ్లు ఒక్కొక్కరే బాలకృష్ణ వైపు అనుమానంగా చూడడం మొదలెట్టారు.

వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. బల్ల మీదున్న చాకు లాక్కుని మా ఆయన కుడిచేతిలో దించేశాడు. చాకు అరచేతిలోంచి దూరి బల్లకి గుచ్చుకుంది. ఆయన ఎడమచేత్తో పక్కనున్న ఇనప అచ్చు ఎత్తి వాడి మూతి మీద కొట్టారు. పళ్లు రాలి గుర్రాల మధ్య పడ్డాయి. వాడు పడిపోయినా ఆగలేదు, ఇంకో రెండు దెబ్బలు వేశారు. తెల్ల గుర్రాలన్నీ ఎర్రబడ్డాయి. నాకు జాలి కలగలేదు, ఇంకా కొట్టమనే అరిచాను.

నరం తెగింది, బొటనవేలు ఇక వంగదన్నాడు డాక్టరు.

శ్యాంప్రసాద్ గారు ఆసుపత్రికొచ్చి, "నేను పొగిడానమ్మా," అని ఏడ్చారు. "ఆయన చెక్కిన ఆ గుర్రం తల చూశాక దొంగతనం మాట ఎవరూ ఎత్తట్లేదమ్మా," అన్నారు. చెయ్యి పోయాక మంచి పేరొచ్చి ఏం లాభం? ఒళ్లు మండి ఆయన్ని బయటికి పొమ్మన్నాను.

మా ఆయన కళ్లు తెరిచి, "బాలకృష్ణ చేతులు బాగానే ఉన్నాయా?" అని అడిగారు.

"పోయింది పళ్లే. చేతులకేం, దుక్కల్లా ఉన్నాయి. అవి కూడా విరగ్గొట్టాల్సింది," అన్నాను.

"అంత మాట అనకే. ఆ గుర్రం తల దగ్గరే ఆగిపోయింది. మిగతాది చెక్కగలిగినవాడు ఇక వాడొక్కడే," అన్నారు.