గుంజుతది సార్

రాజమల్లు కంప్యూటరు సర్వరు మూత విప్పి, రంగులు వేసే చిన్న బ్రష్షుతో ఫ్యాను రెక్కల మధ్య దుమ్ము దులిపాడు. మూత బిగించి, స్విచ్చి వేసి, వంగి కుడి చెవి ఆనించి విన్నాడు. ఎడమ చెవి వినపడదు. ఫ్యాను గొంతు ఎప్పటిలాగే కొంచెం గరగరగా ఉంది. ఈ రోజు పొద్దెక్కేసరికి ఇది ఉక్కిరిబిక్కిరవుతుందని అతనికి తెలుసు. ఆ సంగతి తలుచుకుంటే హాయిగా ఉంది.

జగిత్యాలలో చంద్రమౌళి ట్రావెల్స్ ఆఫీసు వెనక ఏసీ గది అది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, మూడు ఊళ్ల టికెట్లూ ఈ ఒక్క మిషను మీదే నడుస్తాయి. బొంబాయి పక్కనున్న భివండి మగ్గాల మీదికి పోయే సిరిసిల్లవాళ్లు, బొంబాయి చేరి దుబాయి విమానం ఎక్కాల్సిన పల్లెలవాళ్లు, అందరూ సాయంత్రానికి కోరుట్లలో కలిసి బస్సెక్కుతారు. సకల జనుల సమ్మెలో బస్సులు ఆగిపోయి జనమంతా ఇళ్లలో చిక్కుకున్నారు. సమ్మె విరమించారు కాబట్టి ఇన్నాళ్ల గిరాకీ ఇవాళ ఒక్కసారే మీద పడుతుంది.

ఇలాంటిది రెండేళ్ల కిందట ఒకసారి జరిగింది. ఆ డిసెంబరులో వరుస బందుల తర్వాత బస్సులు కదిలిన రోజు, మిషను తట్టుకోలేక ఒకే సీటును రెండు ఊళ్లలో అమ్మింది. ఇంకో మిషను కావాలని రాజమల్లు అంతకుముందే అడిగాడు, ఒకసారి కాదు. యజమాని చంద్రమౌళి నవ్వి కొత్త బస్సు కొన్నాడు. బస్సు మీద పేరు రాస్తే ఊరంతా చదువుతుంది, మూలనున్న డబ్బాను ఎవడు చూస్తాడన్నాడు. ఆ రోజు కోరుట్లలో జనం చుట్టుముడితే అదే చంద్రమౌళి పక్కనున్న రాజమల్లు వైపు వేలు చూపించి, "కంప్యూటర్ సూసేటోడు వీడే" అన్నాడు. జనంలో ఎవడో చెంప మీద కొట్టిన దెబ్బకు ఎడమ చెవిలో ఏదో తెగింది. చందుర్తి నుంచి తల్లి వచ్చి, పిలిస్తే పలకని కొడుకును చూసి ఏడ్చింది. చంద్రమౌళి మాత్రం మరునాడు, ఏమీ జరగనట్టు, ఆలస్యంగా వచ్చావేమని అడిగాడు.

అప్పటినుంచి రాజమల్లు ఏమీ అడగలేదు. సెలవు అడగలేదు, మిషను అడగలేదు. చంద్రమౌళి ఇంకో బస్సు కొన్నాడు. సమ్మె ముగుస్తుందన్న మాట వినపడగానే మొన్న గదిలోకి వచ్చి అతనే అడిగాడు.

"రాజమల్లూ, మూడూర్ల గిరాకి ఒక్కపారే వస్తది. గుంజుతదా మిషన్?"

"గుంజుతది సార్."

తట్టుకుంటుందన్న ఆ మాటను రాజమల్లు రాత్రి ఇంటికి పోతూ దారంతా చప్పరించాడు. సీట్లను ఊరికిన్నని ముందే పంచి పెడితే ఏ చిక్కూ రాదు. అది పూటలో అయిపోయే పని. అతను ఆ పని చేయలేదు.

ఇవాళ తలుపులు తీయగానే జనం విరుచుకుపడ్డారు. కాసేపటికి ఫ్యాను ఈలవేయడం మొదలుపెట్టింది. తెరమీద సీట్ల గళ్లు రంగు మారడానికి నిమిషాలు పడుతోంది. సిరిసిల్లలో అమ్మిన సీటు కోరుట్లలో ఇంకా ఖాళీగానే కనపడుతోంది. అప్పుడు కోరుట్ల కౌంటరులో కూర్చునే ఫౌజియా ఫోను చేసింది. చేరి ఏడాది కాని పిల్ల. మాటలో కంగారు తెలుస్తోంది.

"అన్నా, సీటు కాలీ సూపెడుతుంది. సిర్సిల్లోళ్లేమో అమ్మినమంటున్రు. అమ్మాల్నా, ఆపాల్నా?"

ఆపమంటే అయిపోయేది. రాజమల్లు ఫోను కుడి చెవి దగ్గరే పట్టుకుని తెర వంక చూశాడు. అద్దాల అవతల చంద్రమౌళి ఎవరితోనో నవ్వుతూ చాయ్ తాగుతున్నాడు.

"అమ్ము బిడ్డా" అన్నాడు.

మధ్యాహ్నం తర్వాత కోరుట్ల పోయే జీపెక్కాడు. వేరే ఆశేమీ లేదు. బస్సు కదిలేవేళకు అక్కడికి వచ్చే చంద్రమౌళి మొహం చూడాలి. జనం చేయి ఆ చెంప మీద పడటం కళ్లారా చూడాలి. దారి పొడుగునా అదే ఊహ. ఎడమ పక్కనున్నవాడు ఏదో అడిగితే వినపడలేదు.

అనుకున్నట్టే అయింది. బస్సు దగ్గర కేకలు. ఒక్కో సీటుకు ఇద్దరు. చంద్రమౌళి తన తెల్ల కారులోంచి దిగగానే చొక్కా పట్టుకున్నారు. పాన్ డబ్బా పక్కన నిలబడి రాజమల్లు చూస్తున్నాడు. రెండేళ్లుగా కోరుకున్నది అడుగుల దూరంలో జరుగుతోంది.

చంద్రమౌళి విదిలించుకుని చేయెత్తి కౌంటరు వైపు చూపించాడు.

"నన్నంటరేంది? టికెట్లు కొట్టింది గీ పోరి."

గుంపు అటు తిరిగింది. ఎవరో కౌంటరు అద్దం మీద గుద్దారు. ఫౌజియా గోడకు ఆనుకుని నిలబడి, దుపట్టా కొనను పిడికిట్లో బిగించింది. జనం తలల మీదుగా ఆమె చూపు రాజమల్లు మీద పడింది. క్షణం ఆగింది. ఆమె అతని పేరు ఎత్తలేదు. చూపు దించుకుంది.

రాజమల్లు ఎప్పుడు కదిలాడో అతనికే తెలియదు. గుంపును తోసుకుని వెళ్లి కౌంటరుకు అడ్డం నిలబడ్డాడు.

"పిల్లది తప్పు లేదు. అమ్ముమన్నది నేను. మిషన్ గుంజదని నాకెరికే. అప్పట్ల జెప్తే ఈయన నన్ను కొట్టించిండు. గందుకే గీపారి చెప్పలే."

ముందున్న మనిషి, కోనరావుపేట నుంచి వచ్చిన ఎర్రయ్య, భుజం మీది బ్యాగు దించాడు. కొడతాడనుకుని రాజమల్లు కళ్లు మూసుకున్నాడు. ఎర్రయ్య కొట్టలేదు.

"మీ ఇద్దరి కొట్లాటల నన్నెందుకేసినవే అన్నా? ఎల్లుండితోటి నా వీసా అయిపోతది. నేనేం జేసిన నీకు?"



జనం చంద్రమౌళిని వదల్లేదు. వీసా గడువు దగ్గరపడ్డవాళ్లను అతని సొంత కారులోనే బొంబాయి పంపాలన్నారు. అతను చేతులు జోడించాడు, బతిమాలాడు, చివరికి తాళాలు ఇచ్చాడు. జోడించిన ఆ చేతులను చూసినప్పుడు రాజమల్లుకు సంతోషం కలిగింది. అబద్ధమెందుకు, కలిగింది. ఎర్రయ్య కారెక్కుతూ అతని వంక చూడనైనా చూడకపోవడంతో ఆ సంతోషమూ అక్కడే చచ్చింది. ఆ కారు వేళకు అందిందో లేదో అతనికి ఎప్పటికీ తెలియలేదు.

జనం పలచబడ్డాక ఫౌజియా కౌంటరుకు తాళం వేసి బయటికి వచ్చింది. అతని కుడివైపు వచ్చి నిలబడి, మెల్లగా అంది.

"నీ పేరు జెప్తే నిన్ను మళ్ల కొడ్తరని చెప్పలే అన్నా. నువ్వు నాకైతే చెప్పొద్దా?"

సమాధానం కోసం ఆగకుండా ఇంటివైపు వెళ్లిపోయింది. రాజమల్లు జగిత్యాల జీపులను వదిలేసి, తల్లి ఉండే చందుర్తికి పోయే ఆటో ఎక్కాడు.

మళ్లీ పనికి రాలేదు. జీతం అడగడానికీ రాలేదు. చంద్రమౌళి కబురు పెట్టలేదు. వారం తిరక్కముందే ఆ గదిలోకి రెండు కొత్త మిషన్లు వచ్చాయి. వాటిని బిగించడానికి కరీంనగర్ నుంచి వచ్చినవాళ్లు పాత కుర్చీని పక్కకు లాగారు. ఏసీ చలికి రాజమల్లు తొడుక్కునే ఉన్ని స్వెట్టరు ఇంకా దాని వీపుకే వేలాడుతోంది, మోచేతుల దగ్గర వేరే రంగు దారంతో కుట్టి, రెండు చేతులూ నేలకు ఆనీ ఆనకుండా.